దొరల ఎస్టేట్‌లో ఒక పగలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే దారి పట్టాయి. బడి సెలవుల్లో పాత జమీందారీ ఎస్టేట్లు చూడాలని అందరికీ ఉంది. చూసొచ్చినవాళ్ళకు మాత్రం తడిసిన చెప్పులు, కాళ్ళ నొప్పులు, దారి పొడవునా పిల్లల ఏడుపులే మిగిలాయట. చాలామంది చేసే పొరపాటు ఒకటే. మ్యూజియానికి వెళ్ళినట్టు బంగళా కోసం వెళ్తారు. బంగళా గంటన్నర పని. మిగతా రోజంతా నేలదే, దాని లెక్కలు వేరు.

ప్రశ్న: మాకు నాలుగేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. ఇండియా నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. అందరం డార్బీషైర్‌లోని చాట్స్‌వర్త్‌కి వెళ్దామనుకుంటున్నాం. మధ్యాహ్నంలోగా అది చూసేసి, దగ్గర్లోని హాడన్ హాల్ కూడా చుట్టేసి రావచ్చా?
— లెస్టర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: హాడన్ హాల్‌ని ఇంకో రోజుకి ఉంచుకోండి. మ్యాపులో దగ్గరే, నిజమే. కానీ చాట్స్‌వర్త్‌లో తోట ఒక్కటే 105 ఎకరాలు. దాని చుట్టూ ఉన్న పార్కు వెయ్యి ఎకరాలు. పెద్దవాళ్ళతో, పసిపిల్లతో ఆ తోట సగం తిరిగేసరికే మూడు గంటలు గడుస్తాయి.

ఇంటి టికెట్ ఆన్‌లైన్‌లో ముందే, ఆ రోజు మొదటి స్లాటుకి తీసుకోండి. పిల్లల ఓపిక పొద్దున్నే ఎక్కువ, గదుల్లో రద్దీ అప్పుడే తక్కువ. మీ ఊరి నుంచి మామూలుగా గంటన్నర ప్రయాణం, సెలవుల్లో రెండు గంటలు అనుకోండి. దాని మీద ఇంకో అరగంట కలుపుకుని బయల్దేరాలి. కారు పెట్టడానికి, షూస్ మార్చడానికి, అందరూ ఒకసారి టాయిలెట్‌కి వెళ్ళి రావడానికి ఆ అరగంట సరిగ్గా సరిపోతుంది. ఈ చివరిది మాత్రం మానకండి. లోపల నడిచే దారి ఒకవైపే సాగుతుంది, మధ్యలో పాప "అమ్మా, వస్తోంది" అంటే వెనక్కి తిరగడం కష్టం.

నాలుగేళ్ళ పిల్ల పెయింటెడ్ హాల్ పైకప్పు చూసి నోరు తెరుస్తుంది, ఆరో గదికి వచ్చేసరికి నేల మీద చతికిలపడుతుంది. అందుకని ముందే రెండు జట్లుగా విడిపోండి. ఒకరు పాపతో చకచకా నడిచి బయటపడాలి. ఇంకొకరు అత్తయ్య, మామయ్య, బాబుతో తీరిగ్గా రావాలి. ఎక్కడ కలుసుకోవాలో, ఎన్ని గంటలకో లోపలికి వెళ్ళేముందే చెప్పుకోండి. మందపాటి రాతిగోడల మధ్య ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం.

భోజనం 12 గంటలకే కానివ్వండి. పన్నెండున్నర దాటితే కెఫేలో క్యూ, పచ్చికలో బల్లల కోసం పోటీ. తర్వాత తోట. అక్కడి ఎంపరర్ ఫౌంటెన్ 1844 నాటిది. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ వస్తాడని అప్పటి యజమాని ఆరో డ్యూక్ తన తోటమాలి జోసెఫ్ పాక్స్టన్ చేత కట్టించాడు. చక్రవర్తి రానేలేదు! దానికి పంపు లేదు. కొండ మీద తవ్విన చెరువు నుంచి పల్లానికి దిగే నీటి ఒత్తిడే ఆ ధారని ఎగజిమ్ముతుంది. పూర్తి బలంతో ఎగసినప్పుడు 90 మీటర్ల దాకా లేచిందని లెక్క. చెరువులో నీళ్ళున్నంతవరకే ఆట కాబట్టి అది రోజంతా ఎగరదు. ఆ రోజు వేళలు గేటు దగ్గరే అడగండి.

విల్లో చెట్టు ఫౌంటెన్ దగ్గర జాగ్రత్త. చూడటానికి మామూలు చెట్టు, కొమ్మల్లోంచి నీళ్ళు చిమ్ముతుంది. మూడు వందల ఏళ్ళ నాటి దొరల చిలిపితనం అది. పిల్లలు అక్కడ తడవకుండా తిరిగిరారు కనుక ఒక జత బట్టలు, రెండు జతల సాక్సులు సంచిలో ఉండాలి. బాబుకి మేజ్, అంటే దారి వెతుక్కునే పొదల చిక్కుదారి, నచ్చుతుంది. పాక్స్టన్ కట్టిన పెద్ద గాజు మందిరాన్ని 1920లో కూల్చేశారు. ఆ పునాదుల మధ్యే 1962లో 1,209 యూ మొక్కలు నాటి ఈ మేజ్‌ని పెంచారు.

పశువుల కొట్టం, ఆటస్థలం చివరికి పెట్టుకోండి. ముందు చూపించారంటే ఆ తర్వాత రోజు మీ చేతిలో ఉండదు. అది మీ టికెట్‌లో ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. మూసే వేళకి అరగంట ముందే కదిలితే బయటికి వెళ్ళే కార్ల వరసలో ఇరుక్కోరు.

ప్రశ్న: నేషనల్ ట్రస్ట్ సభ్యత్వం ఉంది కదా అని ఒక పెద్ద ప్యాలెస్‌కి వెళ్తే కార్డు చెల్లదన్నారు. ఐదుగురికి టికెట్లు కొనాల్సి వచ్చింది. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుంది?
— రెడింగ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పు మీ ఒక్కరిదే కాదు, ఇది అందరూ పడే గుంటే. ఈ ఎస్టేట్లు మూడు రకాల చేతుల్లో ఉన్నాయి. పాత ఇళ్ళని, నేలని కాపాడటానికి 1895లో మొదలైన నేషనల్ ట్రస్ట్‌కి ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఆస్తులున్నాయి. ఇంగ్లిష్ హెరిటేజ్ వేరే సంస్థ. దాని చేతిలో కోటలు, శిథిలాలతో పాటు ఆడ్లీ ఎండ్, ఆస్బోర్న్ లాంటి ఇళ్ళూ ఉన్నాయి. మూడో రకం, పాత కుటుంబాలో వాటి సొంత ట్రస్టులో నడిపేవి. చాట్స్‌వర్త్, బ్లెన్‌హైమ్, కాజిల్ హోవర్డ్ ఈ కోవలోవి. పేరున్న పెద్దపెద్ద ఇళ్ళు చాలావరకు మూడో రకమే. అందుకే కార్డు పట్టుకుని వెళ్ళినవాళ్ళు తెల్లమొహం వేస్తారు. స్కాట్లండ్‌కి విడిగా ఒక నేషనల్ ట్రస్ట్ ఉంది కానీ మీ కార్డు అక్కడ చెల్లుతుంది.

సభ్యత్వం లాభమా కాదా అని తేల్చుకోవడం తేలికే. మీ ఇంటికి గంట ప్రయాణంలో ఏ సంస్థ స్థలాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఏడాదిలో నాలుగు సార్లు వెళ్తామనే నమ్మకం ఉంటే తీసుకోండి. నేషనల్ ట్రస్ట్ సభ్యులకి వాళ్ళ కార్ పార్కులు కూడా ఉచితం. ఇల్లు చూడకపోయినా ఆదివారం నడకకి పనికొస్తుంది కాబట్టి దీన్నీ లెక్కలో వేసుకోండి.

ఫ్యామిలీ టికెట్ అంటే సాధారణంగా ఇద్దరు పెద్దలు, వాళ్ళ పిల్లలు. తాతయ్య, నాయనమ్మలకి విడిగా కొనాలి. వయసు పైబడినవాళ్ళకి తగ్గింపు అన్నిచోట్లా ఉండదు. వాళ్ళు కొద్ది వారాలకే వచ్చి నాలుగైదు చోట్లకి తిరిగేలా ఉంటే, విదేశాల నుంచి వచ్చినవాళ్ళకి అమ్మే కొద్దిరోజుల పాసులు చౌక పడతాయి.

ఇంకొక మాట. కౌంటర్‌లో "గిఫ్ట్ ఎయిడ్ ఇస్తారా?" అని అడుగుతారు. ఒప్పుకుంటే ధరలో కాస్త విరాళం కలుస్తుంది, మీరిచ్చే ప్రతి పౌండుకీ ఆ సంస్థ ప్రభుత్వం నుంచి 25 పెన్స్ రాబట్టుకుంటుంది. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్ళే దీనికి ఒప్పుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన మామయ్యగారు తన డబ్బుతో కొంటూ సంతకం పెట్టేయకూడదు. వద్దంటే మామూలు ధరకే ఇస్తారు, మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: మాకు కారు లేదు. లండన్ నుంచి రైలు మీద వెళ్ళగలిగేవి ఉన్నాయా?
— ఈస్ట్ హామ్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: హాట్‌ఫీల్డ్ హౌస్. కింగ్స్ క్రాస్ నుంచి అరగంట లోపు రైలు, స్టేషన్ ఎదురుగానే గేటు. మొదటి ఎలిజబెత్ చిన్నతనం గడిచిన పాత ప్యాలెస్ మిగులు భాగం, 1611లో పూర్తయిన పెద్ద ఇల్లు రెండూ అక్కడే. ఇంకా తేలిక కావాలంటే ఆస్టర్లీ పార్కు. పికడిల్లీ లైన్‌లో ఆస్టర్లీ స్టేషన్‌లో దిగి ఇరవై నిమిషాలు నడవాలి. కెంట్‌లోని నోల్‌కి సెవెనోక్స్ స్టేషన్ నుంచి నడక కాస్త ఎక్కువే, చివర్లో ఎత్తు కూడా. పిల్లల్ని ఎత్తుకోవాల్సి వస్తే టాక్సీ మాట్లాడుకోండి. మిగతా ఎస్టేట్లకి బస్సుల మీద ఆధారపడేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పల్లె బస్సులు ఆదివారం తక్కువ, కొన్ని అసలు తిరగవు. వెళ్ళే బస్సు కంటే ముందు తిరుగు బస్సు వేళ చూడండి.

ప్రశ్న: పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళవచ్చా? ఎక్కడ కూర్చుని తినాలి? మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు.
— హౌన్స్లో నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పట్టుకెళ్ళండి, నిక్షేపంగా. పార్కులో, కార్ పార్కు పక్క పచ్చికలో పిక్నిక్‌కి దాదాపు అన్నిచోట్లా ఒప్పుకుంటారు. పూలమళ్ళున్న తోటల్లో కొన్నిచోట్ల వద్దంటారు, ఇంటి లోపల ఎక్కడా కుదరదు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వకి ఎండుగడ్డి అంటుకుంటుంది గనుక బార్బెక్యూలు, క్యాంపు స్టౌలు నిషేధం. అక్కడ టీ కాచుకుందామని సామాన్లు మోసుకెళ్ళకండి. ఫ్లాస్కు చాలు.

పులిహోర ప్రయాణానికి పుట్టిన వంటే. చింతపండు పులుపు అన్నాన్ని కాపాడుతుంది, కానీ చల్లార్చే పద్ధతి తప్పితే పులుపు కూడా కాపాడదు. వండిన అన్నంలో బతికి ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు గోరువెచ్చదనంలో గంటల తరబడి ఉంటే పెరిగి వాంతులు తెప్పిస్తాయి. అందుకే వండిన అన్నం గంటలోపు చల్లారాలని ఇక్కడి ఆహార శాఖ సలహా. మనం ఎలాగూ పళ్ళెంలో ఆరబోస్తాం, అదే మందు. ఆరుగురికి అర కిలో బియ్యం, పెద్ద నిమ్మకాయలంత చింతపండు ఉండలు రెండు సరిపోతాయి. పొద్దున్నే వండి, వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, నూనె, పసుపు, ఉప్పు కలిపి, చేయి పెడితే చల్లగా తగిలాకే గుజ్జు, పోపు కలిపి డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై కారి, అన్నం జావగా అవుతుంది, పాడవుతుంది కూడా.

పెరుగన్నం దగ్గర మన పాత చిట్కా ఇక్కడ ఎదురుతిరుగుతుంది. పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి తీసుకెళ్తే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకోవడం మన ఊళ్ళ ఎండ చలవ. పదిహేను డిగ్రీల ఇంగ్లిష్ పగలులో అది తోడుకోదు, పాలన్నంగానే ఉంటుంది. అదే డబ్బా ఎండలో నిలిపిన కారులో ఉంటే పాడే అవుతుంది. తోడుకున్న పెరుగే కలిపి కూల్ బాక్సులో పెట్టండి. ఐస్ ప్యాకులు అడుగున కాకుండా పైన పెట్టాలి. చల్లగాలి కిందికి దిగుతుంది.

పెద్ద కూల్ బాక్సు ఒకటి కంటే చిన్న సంచులు రెండు మేలు. కార్ పార్కు నుంచి కూర్చునే చోటికి అర కిలోమీటరు నడక మామూలే. ఇక్కడి గడ్డి జూలైలో కూడా తడిగా ఉండొచ్చు. మామూలు దుప్పటి పది నిమిషాల్లో చెమ్మ పీలుస్తుంది. అడుగున ప్లాస్టిక్ పొర ఉన్న రగ్గు కొనండి, లేదా దుప్పటి కింద పాత షవర్ కర్టెన్ పరవండి. చెత్త కోసం ఖాళీ సంచులు రెండు ఉండాలి, ఎందుకంటే పార్కులో చాలాచోట్ల చెత్తబుట్టలే పెట్టరు. మిగిలిన అన్నం బాతులకి, జింకలకి వేయకండి.

కెఫేలో అత్తగారికి ఏమిప్పించాలంటే, వెన్న, చీజ్ వేసిన జాకెట్ పొటాటో నిశ్చింత. కేకుల్లో గుడ్డు ఉంటుందని అందరికీ తెలుసు, స్కోన్ల సంగతే తెలియదు. పిండిలో లేకపోయినా పైన ఆ బంగారు మెరుపు గుడ్డు పూతది కావచ్చు. సూప్‌లో వేసిన స్టాక్ కూరగాయలదో కాదో కూడా అడిగి తీసుకోండి.

ప్రశ్న: అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు, దూరాలు ఎలా తెలుసుకోవాలి?
— మిల్టన్ కీన్స్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ప్రతి ఎస్టేట్ వెబ్‌సైట్‌లోనూ వీల్‌చైర్ గుర్తు ఉన్న పేజీ ఒకటి ఉంటుంది. కార్ పార్కు నుంచి ఇంటికి దూరం, ఎన్ని మెట్లు, లిఫ్ట్ ఉందా, దారి కంకరదా తారుదా, అన్నీ అందులో రాస్తారు. టికెట్ కంటే ముందు అది చదవండి. పాత భవనాలకి చట్టం రక్షణ ఉంది కనుక ఇష్టమొచ్చినట్టు లిఫ్టులు తవ్వలేరు. చాలా ఇళ్ళలో పై అంతస్తు మెట్ల మీదే. అమ్మ కింద అంతస్తు చూసి తోటలో కూర్చుంటారు అనుకుని ప్రణాళిక వేస్తే మీకు నిరాశ, ఆమెకి మొహమాటం రెండూ ఉండవు.

వీల్‌చైర్లు అరువిస్తారు. కొన్ని తోటల్లో బ్యాటరీ బండ్లు కూడా ఉంటాయి. సంఖ్య తక్కువ, ముందు రోజు ఫోన్ చేసి చెప్పి ఉంచాలి. కంకర దారిలో వీల్‌చైర్‌ని ముందుకి నెడితే చిన్న చక్రాలు కూరుకుపోయి కూర్చున్నవాళ్ళు ముందుకి తూలుతారు. అలాంటి చోట బండిని వెనక్కి తిప్పి లాగండి, పెద్ద చక్రాలు దారి తీస్తాయి. తోడు లేకుండా తిరగలేనివాళ్ళ వెంట వచ్చే ఒకరికి నేషనల్ ట్రస్ట్‌లో టికెట్ అక్కర్లేదు.

లోపల కుర్చీ కనిపించగానే అమ్మని కూర్చోబెట్టకండి. కుర్చీలో పైన్ కాయో, ముళ్ళ పూవో పెట్టి ఉంటే దాని అర్థం "కూర్చోవద్దు". ఖాళీవి సందర్శకుల కోసమే. టాయిలెట్లు చాలావరకు పాత గుర్రపుశాల దగ్గర, ప్రవేశం దగ్గర ఉంటాయి, ఇంటి లోపల అరుదు. కాగితమే ఉంటుంది కాబట్టి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ కోసం ఒక ఖాళీ నీళ్ళ సీసా సంచిలో వేసుకోండి. చీర కట్టుకుంటే కుచ్చెళ్ళు రెండంగుళాలు పైకి, కాళ్ళకి సాక్సులతో షూస్. చెప్పులతో తడిగడ్డి మీద నడిస్తే జారడం ఖాయం.

ప్రశ్న: గదులన్నీ చీకటిగా ఎందుకు ఉంచుతారు? సంచి ముందుకి వేసుకోమన్నారు, పుష్‌చైర్ బయట పెట్టించారు. ఇంత కట్టడి అవసరమా?
— స్లావ్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అవసరమే. పట్టు, తివాచీ, నీటిరంగుల బొమ్మ వెలుగుకి వెలిసిపోతాయి. వెలిసింది మళ్ళీ రాదు, ఏళ్ళ తరబడి పడిన వెలుగంతా లెక్కలో చేరుతూనే ఉంటుంది. అందుకే సున్నితమైన వస్తువులున్న గదిలో వెలుతురుని 50 లక్స్ దగ్గర కట్టేస్తారు. అంటే మన హాల్లో సాయంత్రం దీపం కంటే తక్కువ. గుమ్మంలో ఒక నిమిషం ఆగితే కళ్ళు అలవాటు పడతాయి. వీపు సంచి వెనక ఉంటే మీరు తిరిగినప్పుడు పింగాణీ జాడీకి తగిలేది అదే, మీకు తెలియను కూడా తెలియదు. సన్న మడమ చెప్పులు కూడా వద్దంటారు, ఒంటి బరువంతా గోరంత చోట పడి చెక్కనేలలో గుంట చేస్తుంది. ఫోటోలకి చాలాచోట్ల అభ్యంతరం లేదు, ఫ్లాష్, సెల్ఫీ కర్ర కుదరవు. చంటిపిల్లలకి నడుముకి కట్టుకునే క్యారియర్ అడిగితే ఇచ్చేచోట్లు ఉన్నాయి. మీకు సొంతది ఉంటే అదే మేలు.

ప్రశ్న: "ఇంత డబ్బు వీళ్ళకి ఎక్కడిది? మన దేశం వస్తువులు ఇక్కడెందుకు?" అని మా తొమ్మిదేళ్ళ అమ్మాయి అడిగింది. జవాబు చెప్పలేకపోయాం.
— కార్డిఫ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగింది. తమ చేతిలోని 93 స్థలాలకి వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని నేషనల్ ట్రస్ట్ 2020లో స్వయంగా ఒక నివేదిక వేసింది. ఇక్కడ పెద్ద గొడవే అయింది దాని మీద.

మీరు వేల్స్‌లో ఉన్నారు కాబట్టి వెల్ష్‌పూల్ దగ్గరి పోవిస్ కోటకి తీసుకెళ్ళండి. అక్కడి క్లైవ్ మ్యూజియంలో భారత ఉపఖండం నుంచీ, తూర్పు దేశాల నుంచీ వచ్చిన వస్తువులు మూడు వందలకి పైగా ఉన్నాయి. టిప్పు సుల్తాన్ గుడారం వాటిలో ఒకటి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్, రాబర్ట్ క్లైవ్ కొడుకు. అతని భార్య హెన్రియెట్టా పోవిస్ ఇంటి ఆడపడుచు. ఆ పెళ్ళి దారిలోనే తండ్రీకొడుకుల సంపద, వస్తువులు ఆ కోటకి చేరాయి. అమ్మాయికి మన ఊరి ముడి కూడా చెప్పండి. చికాకోల్, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సీమలని కలిపి ఉత్తర సర్కారులు అనేవారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం చేత వాటిని ఈస్టిండియా కంపెనీకి రాయించుకున్నది రాబర్ట్ క్లైవే. ఆ మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం జరిగింది. అంటే గోదావరి, కృష్ణా రైతు కట్టిన శిస్తు కథలో ఒక కొస అక్కడ ఉంది.

డార్బీ దగ్గరి కెడిల్‌స్టన్ హాల్ ఇంకో రకం పాఠం. కలకత్తాలో గవర్నర్ జనరల్ కోసం కట్టిన ప్రభుత్వ భవనానికి ఈ ఇంటి నమూనాయే ఆధారం. వందేళ్ళ తర్వాత ఈ ఇంట్లోనే పుట్టిన కర్జన్ వైస్రాయ్‌గా వెళ్ళి ఆ భవనంలో కాపురం ఉన్నాడు. 1899 నుంచి 1905 దాకా ఆ పదవిలో ఉండి అతను తెచ్చుకున్న వస్తువులతో కెడిల్‌స్టన్ కింది అంతస్తులో ఒక మ్యూజియం ఉంది. ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలోని ఆస్బోర్న్‌లో దర్బారు గది వేరే సంగతి. లాహోరు నుంచి వచ్చిన భాయ్ రామ్ సింగ్ 1890-91లో దగ్గరుండి తీర్చిన నగిషీ అది. అక్కడ మన పనితనానికి పేరు దక్కింది. భారతదేశానికి చక్రవర్తిని అనిపించుకున్న విక్టోరియా మాత్రం ఎన్నడూ మన గడ్డ తొక్కలేదు!

చూసేటప్పుడు అమ్మాయి చేతికి మూడు ప్రశ్నలివ్వండి. ఇది ఎక్కడ తయారైంది? ఎవరి చేతులు చేశాయి? ఇక్కడికి ఎలా వచ్చింది, కొన్నారా, కానుకా, యుద్ధంలో పట్టుకున్నారా? పక్కన అట్టముక్క మీద "సేకరించారు" అని మాత్రమే ఉంటే మూడో ప్రశ్నకి జవాబు రానట్టే. గదిలో నిలబడ్డ వాలంటీర్‌ని అడగమనండి. చాలామంది విషయం తెలిసినవాళ్ళే, పిల్లలడిగితే ఇంకా ఉత్సాహంగా చెబుతారు.

ప్రశ్న: పార్కులో పిల్లల్ని వదిలేయొచ్చా? జింకలు, పురుగులు అంటే భయం.
— మాంచెస్టర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: జింకల కంటే ముందు "హ-హ" గురించి తెలుసుకోండి. అది నవ్వు కాదు, గోడ. ఇంట్లోంచి చూస్తే పచ్చిక ఎక్కడా తెగకుండా కనిపించాలి, పశువులు మాత్రం తోటలోకి రాకూడదు. అందుకని ఇంటి వైపు నిటారుగా గోడ కట్టి, అవతల నేలని వాలుగా తవ్వుతారు. ఇంటి వైపు నుంచి పరిగెత్తే పిల్లలకి అంచు దాకా ఏమీ కనిపించదు, ఆ తర్వాత నిలువెత్తు గొయ్యి. మ్యాపులో అది ఎక్కడుందో చూసి ముందే నడిపించి చూపించండి.

జింకలకి కనీసం 50 మీటర్ల దూరం. మే నుంచి జూలై దాకా పిల్లల్ని కనే కాలం, పచ్చికలో ఒంటరిగా కనిపించిన కూనని ముట్టుకోకూడదు, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. అక్టోబరు చుట్టుపక్కల మగ జింకలు కొమ్ములతో కుమ్ముకునే కాలం, అప్పుడు ఇంకా దూరం.

జింకలున్న చోట, పొడుగు గడ్డిలో టిక్ అనే పురుగు ఉంటుంది, మన పిడుదు లాంటిది. కొన్ని లైమ్ వ్యాధిని మోస్తాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకైతే జుట్టు అంచున కూడా వెతకండి. కరిచి ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నలపకుండా మెల్లగా పైకి లాగి, సబ్బుతో కడగాలి. కిరోసిన్, అగ్గిపుల్ల లాంటివి వద్దు. తర్వాతి వారాల్లో గుండ్రంగా పాకే ఎర్రమచ్చో, జ్వరమో వస్తే డాక్టరుకి టిక్ కరిచిన సంగతి చెప్పండి. మూడు నెలల దాకా ఓ కన్నేసి ఉంచాలి.

మేజ్‌లకీ, కంచెలకీ వాడే యూ చెట్టు ఎర్రపండు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, లోపలి గింజ, ఆకు విషం. ఫాక్స్‌గ్లవ్ పూలూ అంతే. తోటలో ఏదీ నోట్లో పెట్టకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే పేర్లు గుర్తుంచుకునే పని లేదు.

ప్రశ్న: ఏ నెలలో వెళ్తే బాగుంటుంది? నవంబరులో వెళ్తే ఇల్లు మూసి ఉంది.
— బర్మింగ్‌హామ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలా ఇళ్ళు నవంబరు నుంచి మార్చి దాకా గదులు మూసి, దుమ్ము దులిపి, గుడ్డలు కప్పి, మరమ్మతులు చేసుకుంటాయి. పార్కు తెరిచే ఉంటుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో అడవుల్లో నీలిరంగు బ్లూబెల్స్. అక్టోబరు రెండో సగంలో ఆకుల రంగులు, వాటికి విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్ పెట్టింది పేరు. గడ్డి పుప్పొడి పడనివాళ్ళు జూన్ తప్పించండి. ఖర్చు తగ్గాలంటే సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ చూడండి. ఆ రోజుల్లో ఇంగ్లండ్ అంతటా ఎన్నో స్థలాలు ఉచితంగా తెరుస్తారు, కొన్నింటికి ముందే బుక్ చేసుకోవాలి.

ఆ రోజు పొద్దున్న వెబ్‌సైట్ ఒకసారి తెరవండి. వానకి మూయరు కానీ పెద్దగాలి వీస్తే ముసలి చెట్ల కొమ్మలు విరిగిపడతాయని తోటలు మూసేస్తారు. కుటుంబాల చేతిలో ఉన్న ఇళ్ళు పెళ్ళిళ్ళకీ, షూటింగులకీ మూతపడతాయి. చివరి ప్రవేశం వేళ వేరు, మూసే వేళ వేరు. రెండింటికీ మధ్య గంట తేడా ఉండొచ్చు. టికెట్లు ఫోన్‌లో దించి పెట్టుకోండి, గేటు దగ్గర సిగ్నల్ దొరుకుతుందని లేదు. పల్లెల్లో ఒక పోస్ట్‌కోడ్ చాలా దూరం పరుచుకుని ఉంటుంది కాబట్టి కారు నావిగేషన్ మిమ్మల్ని పనివాళ్ళ వెనక గేటుకో, ట్రాక్టరు దారికో తీసుకుపోవచ్చు. చివరి రెండు మైళ్ళు ఫోన్ మాట వినకండి, రోడ్డు పక్కన గోధుమరంగు బోర్డులు చూసుకుంటూ వెళ్ళండి.